ఎసరు అడుగున ఏమి జరుగుతోంది? మరగడం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంజినీరింగ్ విద్యార్థులకు ఉష్ణ ప్రసారం పాఠం చెబుతూ వచ్చిన ఇన్నేళ్లలో నాకు ఎదురైన ప్రశ్నలివి. కొన్ని తరగతిలో వచ్చాయి, కొన్ని వైవా బల్ల దగ్గర వచ్చాయి, ఎక్కువ భాగం మాత్రం వంటింట్లో వచ్చాయి. ముందుగా ఒక్క మాట. మరగడం గురించి ఆలోచించేటప్పుడు చూపు నీటి మీద కన్నా నీటికి తగిలే లోహం మీద పెట్టండి. సగం చిక్కుముడులు అక్కడే విడిపోతాయి.

పూల్ బాయిలింగ్ అంటే ఏమిటి?

వేడెక్కిన ఉపరితలం నిలవ ద్రవంలో మునిగి ఉండి, ఆ ద్రవాన్ని మరిగిస్తే దానిని పూల్ బాయిలింగ్ అంటారు. పొయ్యి మీది ఎసరు, బకెట్‌లో వేసిన హీటర్ రాడ్, ఎలక్ట్రిక్ కెటిల్ అన్నీ ఈ జాతివే. పంపు తోస్తుండగా ద్రవం గొట్టంలో పారుతూ మరిగితే అది ఫ్లో బాయిలింగ్. దాని లెక్కలు వేరు. పూల్ బాయిలింగ్‌లో ద్రవం అసలే కదలదని అనుకోకండి. బుడగలే దానిని కుదిపి కలుపుతాయి, బయటి నుంచి ఎవరూ తోయరు, అంతే. తెలుగులో ‘నిలవ నీటి మరుగు’ అనవచ్చు గానీ ల్యాబుల్లో ఆ పేరు ఎవరూ పలకరు, అందుకే వాడుకలో ఉన్న పేరే ఉంచుతున్నాను.

నీళ్లు 100 డిగ్రీలకు మరుగుతాయని చిన్న తరగతిలోనే చదివాం. ఇంకా తెలుసుకోవడానికి ఏముంది?

ఆ 100 సముద్ర మట్టం దగ్గరి మాట. హైదరాబాద్‌లో ఎసరు 98 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, తిరుమల కొండ మీద 97 దగ్గర, లేహ్‌లో 88 దగ్గర. పై గాలి పీడనం తగ్గిన కొద్దీ ఆవిరికి బయటపడడం సులువవుతుంది. ఇది అందరికీ తెలిసిన సంగతే.

అంతగా తెలియని సంగతి ఏమిటంటే, మరిగే నీరు ఆ ఉష్ణోగ్రత దగ్గరే ఆగిపోతుంది గానీ గిన్నె అడుగు ఆగదు. అడుగు నీటి కన్నా వేడిగా ఉండి తీరాలి, లేకపోతే వేడి నీటిలోకి పోనే పోదు. అడుగుకీ మరుగు ఉష్ణోగ్రతకీ మధ్య ఉన్న తేడాను అదనపు ఉష్ణోగ్రత అందాం. చదరపు మీటరు ఉపరితలం నుంచి సెకనుకు నీటిలోకి పోయే ఉష్ణం ఎంతో దానిని ఉష్ణ అభివాహం అంటారు. ఈ రెండింటికీ ఉన్న సంబంధమే ఈ శాస్త్రమంతా. మామూలుగా మనం ఏమనుకుంటాం? అడుగు ఎంత వేడెక్కితే నీటికి అంత వేడి అందుతుందని. కొంత దూరం వరకూ అది నిజం. ఆ తర్వాత అది తలకిందులవుతుంది. ఆ తలకిందులయ్యే చోటు గురించే ఇంత పొడవున రాస్తున్నాను.

బుడగలు గిన్నె అడుగునే ఎందుకు పుడతాయి? అందులోనూ కొన్ని చోట్ల నుంచే వరుసగా ఎందుకు లేస్తాయి?

బుడగ పుట్టడం అంత తేలిక కాదు. నీటి తలతన్యత బుడగను అన్ని వైపుల నుంచీ నొక్కుతుంది, బుడగ ఎంత చిన్నదైతే అంత గట్టిగా. అయిదు మైక్రోమీటర్ల వ్యాసార్ధం ఉన్న బుడగ నిలబడాలంటే లోపలి పీడనం బయటి కన్నా దాదాపు పావు వాతావరణ పీడనం ఎక్కువ ఉండాలి. ఇక ఏమీ లేని చోట, నీటి మధ్యలో, శూన్యం నుంచి బుడగ మొదలు కావాలంటే ఆ ఒత్తిడిని తట్టుకోవడం దాదాపు అసాధ్యం. శుభ్రమైన నీరు చాలా నున్నని పాత్రలో 100 దాటినా మరగకుండా ఊరుకోవడానికి కారణం ఇదే.

అందుకే బుడగకు పుట్టిల్లు కావాలి. కంటికి ఎంత నున్నగా కనిపించినా లోహం మీద మైక్రోమీటర్ల లోతున్న గీతలు, గుంటలు ఉంటాయి. నీరు పోసినప్పుడు ఆ గుంటల్లో కాస్త గాలి చిక్కుకుంటుంది. ఆ చిక్కుకున్న గాలే విత్తనం. అడుగు వేడెక్కగానే గుంటలోని ఆవిరి ఉబ్బి, మూతి దాటి, బుడగై విడిపోతుంది. విడిపోతూ కాస్త ఆవిరిని గుంటలోనే వదిలిపెడుతుంది. అదే తరువాతి బుడగకు విత్తనం. ఒకే చుక్క నుంచి దండలాగా బుడగలు లేవడం ఇందుకే. వాతావరణ పీడనం దగ్గర, అడుగు నీటి కన్నా అయిదు డిగ్రీలు వేడిగా ఉంటే మూతి వ్యాసార్ధం సుమారు ఆరున్నర మైక్రోమీటర్లు ఉన్న గుంట పని మొదలుపెట్టగలదు. పది డిగ్రీలైతే అందులో సగం ఉన్నది కూడా చాలు. అంటే వేడి పెరిగిన కొద్దీ ఇంకా చిన్న గుంటలు, కాబట్టి ఇంకా ఎక్కువ గుంటలు, రంగంలోకి దిగుతాయి.

నీళ్లు మరగక ముందే వచ్చే ఆ గుయ్‌మనే రొద ఏమిటి?

మొట్టమొదట గిన్నె గోడలకు అంటుకుని కనిపించే చిన్న బుడగలు ఆవిరివి కావు, నీటిలో కరిగి ఉన్న గాలివి. వేడి నీటిలో గాలి తక్కువ కరుగుతుంది కాబట్టి బయటపడుతుంది. వాటికి శబ్దం ఉండదు.

రొద తరువాతి ఘట్టానిది. అడుగు దగ్గరి నీరు మరుగు స్థాయికి వచ్చేసింది, పైన ఇంకా చల్లగానే ఉంది. అడుగున పుట్టిన ఆవిరి బుడగ కాస్త పైకి లేవగానే చల్లటి నీరు తగిలి, లోపలి ఆవిరి నీరైపోయి, బుడగ ఒక్కసారిగా కుప్పకూలుతుంది. సెకనుకు అలాంటి వేల కూలుళ్ల చప్పుడే ఆ రొద. నీరంతా మరుగుకు చేరాక బుడగలు పై వరకూ బతికి వస్తాయి, అప్పుడు రొద తగ్గి కుతకుత వినిపిస్తుంది. వంట చేసేవాళ్లు గిన్నె వైపు చూడకుండానే ‘ఎసరు వచ్చింది’ అని చెప్పేది ఈ శబ్దం మారడాన్ని బట్టే.

బుడగ అంత చిన్నది, అంత వేడిని ఎలా మోసుకుపోతుంది?

ఒక కిలో నీటిని 30 డిగ్రీల నుంచి 100కు తేవడానికి సుమారు 293 కిలోజౌళ్లు కావాలి. అదే కిలో నీటిని 100 దగ్గర ఆవిరి చేయడానికి 2257 కిలోజౌళ్లు. దీనినే బాష్పీభవన గుప్తోష్ణం అంటారు. 1760ల్లో స్కాట్లండ్‌లో జోసెఫ్ బ్లాక్ కొలిచి చెప్పినది ఇదే. కాబట్టి బుడగ గుప్తోష్ణాన్ని మూటగట్టుకుని పోతుందని చెప్పేయవచ్చు.

కానీ అది సగం జవాబే. బుడగ లోపలి ఆవిరి బరువు లెక్క కట్టి చూస్తే, చాలా సందర్భాల్లో, ముఖ్యంగా బుడగలు ఇంకా విడివిడిగా లేచే దశలో, పోయిన వేడి మొత్తానికి అది సరిపోదు. మిగిలినది బుడగ చేసే అల్లరి వల్ల పోతుంది. బుడగ పెరిగేటప్పుడు దాని కింద అతి పలుచని నీటి పొర చిక్కుకుని వేగంగా ఆవిరైపోతుంది. బుడగ లేచిపోగానే ఖాళీ అయిన చోటికి చల్లటి నీరు దూసుకు వస్తుంది, వేడి లోహాన్ని కొత్తగా తాకుతుంది. లేచే బుడగ తన వెంట వేడి నీటిని కూడా లాక్కుపోతుంది. ఈ మూడింటిలో ఎవరి వాటా ఎంత అన్నది పరిశోధకులు నేటికీ వాదించుకుంటున్న విషయం. ఏ ఒక్కరి పక్షానా నేను గట్టిగా నిలబడను. ద్రవం, ఉపరితలం మారితే వాటాలు మారతాయని మాత్రం నాకు అనిపిస్తుంది.

ఫలితం మాత్రం ఆశ్చర్యం గొలిపేది. 1952లో అమెరికాలోని ఎంఐటీలో రోసెనౌ అనే ఆచార్యుడు ఇచ్చిన సూత్రం ప్రకారం ఉష్ణ అభివాహం అదనపు ఉష్ణోగ్రత ఘనానికి అనుపాతంలో ఉంటుంది. తేడా రెండింతలైతే వేడి ఎనిమిదింతలు పోతుంది. తిప్పి చదివితే ఇంకా బాగుంటుంది: ఎనిమిదింతల వేడి తోసినా లోహం పాపం రెండింతలే వేడెక్కుతుంది.

నుకియామా వక్రం అంటారే, అది ఏమిటి?

1934లో జపాన్‌లోని సెందాయ్‌లో, తొహోకు విశ్వవిద్యాలయంలో షిరో నుకియామా సన్నటి లోహపు తీగను నీటిలో ముంచి, దానిలో కరెంటు పంపి నీటిని మరిగించాడు. అతని తెలివంతా ఒకే తీగను రెండు పనులకు వాడుకోవడంలో ఉంది. తీగే హీటరు, తీగే థర్మామీటరు. వోల్టేజీ, కరెంటు కొలిస్తే ఎంత వేడి పుట్టిందో తెలుస్తుంది; రెండింటి నిష్పత్తి నుంచి నిరోధం, నిరోధం నుంచి తీగ ఉష్ణోగ్రత తెలుస్తాయి.

అదనపు ఉష్ణోగ్రత అడ్డంగా, ఉష్ణ అభివాహం నిలువుగా పెట్టి ఆ కొలతలతో గీసిన గీతే నుకియామా వక్రం. మొదట అదనపు ఉష్ణోగ్రత అయిదు డిగ్రీల వరకూ పెద్దగా బుడగలు లేవు, వేడి నీరు తేలి చల్లటి నీరు దిగే మామూలు సంవహనమే. ఆ పైన బుడగలు. దీనిని న్యూక్లియేట్ బాయిలింగ్ అంటారు, నేను బుడగల మరుగు అంటాను. ఇక్కడ గీత నిటారుగా ఎక్కుతుంది. పది డిగ్రీల దాకా విడివిడి బుడగలు, ఆ తరువాత ఒకదాన్ని ఒకటి తరుముతూ ఆవిరి స్తంభాలు. సుమారు 30 డిగ్రీల తేడా దగ్గర గీత శిఖరం చేరుతుంది.

శిఖరం దాటించేందుకు కరెంటు ఇంకొక్క పిసరు పెంచితే నైక్రోమ్ తీగ తటాలున ఎర్రబడి కరిగి తెగిపోయింది. నుకియామా అక్కడితో ఆగి ఉంటే ఆ తీగ ఒక చెడిపోయిన పరికరంగా మిగిలేది. అతను ప్లాటినం తీగ తెచ్చాడు. నైక్రోమ్ 1400 డిగ్రీల దగ్గర కరిగితే ప్లాటినం 1768 వరకూ ఆగుతుంది. ఈసారి తీగ తెల్లగా మెరుస్తూ నీటిలోనే నిలబడింది. చుట్టూ ఆవిరి తొడుగు. నీరు తీగను తాకడమే లేదు. ఇది ఫిల్మ్ బాయిలింగ్, అంటే ఆవిరి పొర మరుగు.

అప్పుడు కరెంటు తగ్గిస్తూ వచ్చాడు. తీగ వచ్చిన దారిన వెనక్కి పోలేదు. చాలా తక్కువ వేడి దగ్గరికి దిగాక ఒక్కసారిగా చల్లబడి బుడగల మరుగులోకి దూకింది. ఎక్కే దారి ఒకటి, దిగే దారి ఒకటి. మధ్యలో గీత కనిపించని ఖాళీ ఉండిపోయింది. వేడిని కాక ఉష్ణోగ్రతను అదుపు చేస్తే ఆ ఖాళీ కూడా కనిపిస్తుందని నుకియామా ఊహించాడు. 1937లో డ్రూ, ముల్లర్ అనే ఇద్దరు దానిని చూపించారు. అక్కడ ఉపరితలం వేడెక్కిన కొద్దీ వేడి తక్కువ పోతుంది, ఎందుకంటే లోహంలో ఎక్కువ భాగం ఆవిరి కిందికి పోతూ ఉంటుంది.

శిఖరం దగ్గర తీగ ఎందుకు కాలిపోతుంది? నీటిలోనే ఉంది కదా!

నీటిలోనే ఉంది, కానీ నీరు అందడం లేదు. ఒక కిలో నీరు ఆవిరైతే వాతావరణ పీడనం దగ్గర దాని ఘనపరిమాణం 1600 రెట్లవుతుంది. ఆ ఆవిరి పైకి పోవాలి, దాని చోటికి నీరు కిందికి రావాలి. రెండూ ఒకే దారిలో. సినిమా హాలు తలుపు దగ్గర ఒక ఆట వదిలిన జనం, తరువాతి ఆటకు వచ్చే జనం ఎదురుపడితే ఏమవుతుందో ఊహించుకోండి. ఆవిరి వేగం ఒక హద్దు దాటగానే నీటిని కిందికి రానివ్వదు. ఉపరితలం మీద ఆవిరి పొర పరుచుకుంటుంది. నీటితో పోలిస్తే ఆవిరి ఉష్ణ వాహకత్వం పాతికో వంతు మాత్రమే. కరెంటు మాత్రం అంతే వేడిని పుట్టిస్తూనే ఉంటుంది. ఆ వేడి ఆ పొరను దాటాలంటే లోహం వెయ్యి డిగ్రీల పైకి పోవాల్సిందే. పోయే లోపే కరుగుతుంది.

ఈ హద్దు పేరు క్రిటికల్ హీట్ ఫ్లక్స్, తెలుగులో సందిగ్ధ ఉష్ణ అభివాహం. 1948లో సోవియట్ శాస్త్రవేత్త కుతతెలాద్జె, ఆ తరువాత 1950ల చివర అమెరికాలో నోవాక్ జూబర్ దీనికి సూత్రం ఇచ్చారు. అందులో ఉండేవి గుప్తోష్ణం, ఆవిరి సాంద్రత, ద్రవ సాంద్రత, తలతన్యత, గురుత్వం. నీటికి, వాతావరణ పీడనం దగ్గర లెక్క కడితే చదరపు మీటరుకు సుమారు 11 లక్షల వాట్లు వస్తుంది. ల్యాబులో కొలిచినా ఆ దరిదాపుల్లోనే ఉంటుంది. ఇంత గందరగోళమైన విషయానికి ఇంత చిన్న సూత్రం ఇంత బాగా పనిచేయడం నాకు ఇప్పటికీ వింతే.

అయితే ఆ సూత్రంలో ఉపరితలం ఊసే లేదని గమనించారా? నీటిని బాగా పీల్చుకునే, తడి బాగా పట్టే ఉపరితలం మీద శిఖరం పెరుగుతుంది. తామరాకు లాంటి ఉపరితలం మీద దారుణంగా పడిపోతుంది. అంటే కథంతా ఆవిరి స్తంభాలదే కాదు, లోహం మీద పుట్టే ఎండు మచ్చలదీ అన్నమాట. ఈ వాదన కూడా తెగలేదు.

మా ఇంట్లో ఇండక్షన్ స్టవ్ మీద గిన్నె అలా ఎందుకు కాలిపోదు?

లెక్క వేద్దాం. 2000 వాట్ల స్టవ్, వేడెక్కే భాగం 20 సెంటీమీటర్ల వెడల్పు. వైశాల్యంతో భాగిస్తే చదరపు మీటరుకు సుమారు 64 వేల వాట్లు. హద్దులో ఆరు శాతం కూడా లేదు. అడుగు నీటి కన్నా ఎనిమిదో తొమ్మిదో డిగ్రీలు మాత్రమే వేడిగా ఉంటుంది. మీరు నిశ్చింతగా ఉండవచ్చు.

హీటర్ రాడ్ సంగతి చూడండి. 1500 వాట్లు, ఎనిమిది మిల్లీమీటర్ల లావు, చుట్టిన గొట్టం పొడవు మీటరు అనుకుందాం. ఇది కూడా చదరపు మీటరుకు 60 వేల వాట్లే. నీటిలో ఉన్నంత సేపూ గొట్టం 110 డిగ్రీలు దాటదు. అదే రాడ్‌ను గాలిలో వదిలేసి స్విచ్ వేస్తే? గాలికి ఆ వేడిని మోసే శక్తి లేదు, కాబట్టి వికిరణమే దిక్కు. అది సరిపోవాలంటే గొట్టం 700 డిగ్రీలు దాటి ఎర్రబడాలి. అదే కరెంటు, అదే గొట్టం, చుట్టూ ఉన్నది మారిందంతే. బకెట్‌లో నీరు తగ్గి రాడ్ పైకి తేలినప్పుడు జరిగేదీ ఇదే. (నీటిలో చెయ్యి పెట్టేముందు స్విచ్ ఆపి ప్లగ్ తీయమని మళ్లీ చెప్పాలా? చెబుతున్నాను.)

దోసె పెనం మీద నీటిబొట్లు ఆవిరైపోకుండా గోళీల్లా దొర్లుతాయి. ఎందుకు?

పెనం మరీ కాలిపోయిందని అర్థం. కాస్త నీళ్లు చిలకరించినప్పుడు చుయ్‌మని క్షణంలో ఇంకిపోతే పెనం బుడగల మరుగులో ఉన్నట్టు. బొట్లు గుండ్రంగా ముడుచుకుని, చప్పుడు లేకుండా పెనమంతా పరుగులు తీస్తుంటే ఆవిరి పొర మరుగులోకి పోయినట్టు. బొట్టు కింద పుట్టిన ఆవిరి బొట్టునే ఎత్తి పట్టుకుంటుంది. పెనం వేడి, పొర అడ్డు. అందుకే ఎక్కువ వేడి పెనం మీద బొట్టు ఎక్కువ సేపు బతుకుతుంది.

1756లో జర్మనీలోని డ్యూస్‌బర్గ్‌లో వైద్యం బోధించే యోహాన్ గాట్‌లోబ్ లైడెన్‌ఫ్రాస్ట్ దీని గురించి వివరంగా రాశాడు. నిప్పుల మీద ఎర్రగా కాల్చిన ఇనుప గరిటెలో నీటిబొట్టు వేసి, అది మాయమయ్యే వరకూ సమయం లెక్కపెట్టాడు. నున్నని లోహం మీద నీటికి ఈ మార్పు 200 డిగ్రీల దరిదాపుల్లో మొదలవుతుంది. గరుకుదనం, మురికి, బొట్టు పరిమాణాన్ని బట్టి అటూ ఇటూ పోతుంది. మన అమ్మమ్మలు లైడెన్‌ఫ్రాస్ట్ పేరు వినకపోయినా, ఆ గోళీలు కనిపించగానే మంట తగ్గించి, ఉల్లిపాయ ముక్కతో పెనం తుడిచి, అప్పుడు పిండి పోసేవారు.

పీర్ల పండుగలో, వీరభద్రుడి జాతరలో నిప్పుల గుండం తొక్కేవారి కాళ్లు కాలకపోవడం కూడా ఇదేనా?

ఈ మాట చాలా చోట్ల చదివాను, నాకు నమ్మకం కుదరలేదు. తడి పాదం కింద కొంత ఆవిరి పుడుతుంది, నిజమే. కానీ ముఖ్య కారణాలు వేరు. బొగ్గు, బూడిద ఉష్ణాన్ని చాలా మందకొడిగా అందిస్తాయి. పాదం ఒక్కో అడుగుకు తాకేది సెకనులో కొంత భాగమే. అదే గుండంలో ఇనుప పలక ఉంటే తడి పాదమైనా కాపాడదు. పొడి పాదాలతోనూ నిప్పులు తొక్కుతారన్నది గుర్తుంచుకోండి.

ల్యాబులో క్రిటికల్ హీట్ ఫ్లక్స్ ప్రయోగం ఉంది. దేనిని చూడాలి?

మన మెకానికల్ కాలేజీల్లో చాలా చోట్ల ఉన్న పరికరమే: గాజు పాత్ర, నీటిని ముందుగా వేడి చేసే హీటరు, రెండు కడ్డీల మధ్య నైక్రోమ్ తీగ, వోల్టేజీని పెంచి తగ్గించే డిమ్మర్‌స్టాట్, వోల్ట్‌మీటరు, అమ్మీటరు. తీగ 0.12 మిల్లీమీటర్ల మందం, 10 సెంటీమీటర్ల పొడవు అనుకుంటే దాని ఉపరితలం నుంచి పోగలిగే గరిష్ఠ వేడి సుమారు 41 వాట్లు. నిరోధం తొమ్మిది, పది ఓమ్‌లు ఉంటుంది కాబట్టి 20 వోల్టులు, రెండు ఆంపియర్ల చుట్టుపక్కల తీగ తెగుతుంది. ముందే ఈ లెక్క వేసుకుని బల్ల దగ్గరికి వెళ్తే ఎక్కడ నెమ్మదించాలో తెలుస్తుంది.

నేను పాఠం చెప్పడం మొదలుపెట్టిన ఏడాది ఒక విద్యార్థి డిమ్మర్‌స్టాట్‌ను ఫ్యాను రెగ్యులేటరులా గిర్రున తిప్పేశాడు. తీగ తెగింది, రీడింగు ఒక్కటీ లేదు, మిగిలిన నలుగురూ పక్క బ్యాచ్ నుంచి అంకెలు రాసుకున్నారు. తప్పు నాదే, ఏమి చూడాలో చెప్పలేదు. చూడాల్సింది మీటరును కాదు, తీగను. మొదట కొన్ని చుక్కల దగ్గర బుడగలు, తరువాత తీగ పొడవునా, తరువాత బుడగలు కలిసిపోయి తీగ మీద తెరలు తెరలుగా ఆవిరి. ఆ చివరి దశలో ఒక చోట చిన్న ఎర్రటి మచ్చ పుడుతుంది. మచ్చ కనిపించిన క్షణానికి తీగ ఉండదు. ఎక్కువ మంది రాసే తప్పు ఇంకొకటుంది: నీరు ఇంకా 70, 80 డిగ్రీల దగ్గర ఉండగా తీగ తెంపి, సూత్రంతో పోల్చి, ‘ప్రయోగ దోషం’ అని రాస్తారు. దోషం కాదు. నీరు చల్లగా ఉంటే బుడగలు పుట్టీ పుట్టగానే కూలిపోతాయి, కాబట్టి హద్దు నిజంగానే పెరుగుతుంది. నీటి ఉష్ణోగ్రత రాయని రికార్డుకు నేను మార్కులు వేయను.

మంట పెంచితే అన్నం త్వరగా ఉడుకుతుందా?

ఎసరు మరిగే వరకూ అవును. మరిగాక కాదు. నీరు 98 దగ్గరే ఉంటుంది, బియ్యానికి తెలిసేది ఆ 98 మాత్రమే. మీరు అదనంగా ఇచ్చిన గ్యాసంతా ఆవిరిగా పోతుంది. లీటరు నీటిని ఊరికే ఆవిరి చేయడానికి, పొయ్యి సామర్థ్యం అరవై శాతం అనుకుంటే, సుమారు 80 గ్రాముల గ్యాస్ ఖర్చవుతుంది. మూత పెట్టి సన్న సెగ మీద ఉంచితే చాలు.

ఉప్పు వేస్తే నీళ్లు ఆలస్యంగా మరుగుతాయా? మైక్రోవేవ్‌లో పెట్టిన నీళ్లు పేలుతాయా?

లీటరు నీటికి పది గ్రాముల ఉప్పు వేస్తే మరుగు ఉష్ణోగ్రత 0.2 డిగ్రీ కూడా పెరగదు. ఉప్పు వేయగానే బుస్సుమని పొంగేది ఉప్పు గింజలు తెచ్చిన గాలి వల్ల, వాటి గరుకుదనం వల్ల; బుడగలకు ఒక్కసారిగా వేల పుట్టిళ్లు దొరుకుతాయి. మైక్రోవేవ్ ప్రమాదం దీనికి సరిగ్గా రెండో వైపు. నున్నని కొత్త గాజు కప్పు, వేడెక్కిన అడుగు లేదు, గుంటలు లేవు, కాబట్టి నీరు మరుగు దాటిపోయినా గమ్మున ఉంటుంది. చెంచా పెట్టగానో కాఫీ పొడి వేయగానో అంతా ఒకేసారి ఎగజిమ్ముతుంది. చేతులూ ముఖమూ కాలిన సందర్భాలు ఉన్నాయి. కప్పులో ముందే ఒక చెక్క పుల్ల వేసి ఉంచండి.

బోరు నీళ్లు వాడితే రాడ్ మీద తెల్లటి పొర కడుతుంది. నష్టమా?

నష్టమే. ఆ సున్నపు పొర ఉష్ణ వాహకత్వం రాగితో పోలిస్తే రెండు మూడు వందల వంతుల్లో ఒకటి. ఒక్క మిల్లీమీటరు పొర ఉంటే, మనం వేసిన 60 వేల వాట్ల లెక్క ప్రకారం, దానిని దాటడానికే దాదాపు 40 డిగ్రీల తేడా కావాలి. బుడగల మరుగుకు పది డిగ్రీలు కూడా అక్కర్లేని చోట మీ రాడ్ లోపలి తీగ 40 డిగ్రీలు ఎక్కువ కాగుతోంది. కరెంటు బిల్లు పెద్దగా పెరగదు, ఎందుకంటే వేడి చివరికి నీటికే పోతుంది. తగ్గేది రాడ్ ఆయుష్షు. వెనిగర్‌లోనో నిమ్మరసంలోనో నానబెట్టి తీసేయండి.

అణు విద్యుత్ కేంద్రాలకూ దీనికీ సంబంధం ఉందా?

చాలా ఉంది. 1969లో మొదలైన తారాపూర్ మొదటి రెండు రియాక్టర్లు నీటిని లోపలే మరిగించే రకం. అక్కడ జరిగేది పారే నీటి మరుగు, పూల్ బాయిలింగ్ కాదు. కానీ శిఖరం, ఆ తరువాతి అగాధం అక్కడా ఉన్నాయి. ఇంధనం ఎంత వేడి పుట్టిస్తే అంత వేడి పోవాలి. నుకియామా తీగ పరిస్థితే. ఆవిరి పొర పట్టిందంటే ఇంధన గొట్టం ఉష్ణోగ్రత ఒక్కసారిగా ఎగబాకుతుంది, 1200 డిగ్రీల ప్రాంతంలో ఆ గొట్టంలోని జిర్కోనియం లోహం ఆవిరితో ఉధృతంగా చర్య జరుపుతుంది. అందుకే రియాక్టర్ రూపకర్తలు ఆ హద్దుకు ఎంత దూరంలో ఉన్నామన్న సంఖ్యను వదలకుండా చూసుకుంటారు.

పీడనం పెంచితే పూల్ బాయిలింగ్ శిఖరం కూడా పెరుగుతుంది, ఎందుకంటే చిక్కటి ఆవిరి తక్కువ చోటు ఆక్రమిస్తుంది. నీటికి 70 బార్ల దగ్గర, అంటే వాతావరణ పీడనానికి దాదాపు 70 రెట్ల దగ్గర, గరిష్ఠానికి చేరి, ఆ పైన తగ్గడం మొదలవుతుంది.

కంప్యూటర్లను మరిగే ద్రవంలో ముంచి చల్లబరుస్తారట, నిజమేనా?

నిజమే. కరెంటు ప్రవహించని ఫ్లోరిన్ ద్రవాలు ఉంటాయి. ఎఫ్‌సీ-72 అనేది 56 డిగ్రీలకే మరుగుతుంది. చిప్ దాని మీదే బుడగలు పుట్టిస్తూ చల్లగా ఉంటుంది. చిక్కు ఏమిటంటే ఈ ద్రవాల గుప్తోష్ణం నీటితో పోలిస్తే పాతికో వంతు. వాటి శిఖరం చదరపు సెంటీమీటరుకు 15, 20 వాట్లు మాత్రమే. ఎన్విడియా హెచ్100 చిప్ 814 చదరపు మిల్లీమీటర్ల మీద 700 వాట్ల వరకూ పుట్టిస్తుంది, అంటే చదరపు సెంటీమీటరుకు 86. నేరుగా ముంచితే కాలిపోతుంది. అందుకే వేడిని పరిచే రాగి పలక, దాని మీద బుడగలకు కావాల్సినన్ని రంధ్రాలున్న పూత తప్పనిసరి. ఈ ద్రవాలు వాతావరణంలో చాలా కాలం నిలిచిపోతాయన్నది మరో తలనొప్పి. అప్పట్లో వీటి ప్రధాన తయారీదారైన అమెరికా కంపెనీ త్రీఎం 2025 చివరికి ఈ కుటుంబం రసాయనాల తయారీ ఆపేస్తానని 2022 డిసెంబరులో ప్రకటించింది.

అంతరిక్షంలో నీళ్లు మరిగిస్తే?

బుడగకు ‘పైకి’ అనే దిక్కే ఉండదు. 2011లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి పంపిన నాసా పరికరంలో హీటరు మీద ఒక పెద్ద బుడగ కదలకుండా కూర్చుని, చుట్టూ పుట్టిన చిన్న బుడగలను మింగేస్తూ పోయింది. జూబర్ సూత్రంలో గురుత్వం నాలుగో మూలం రూపంలో ఉంటుంది కాబట్టి చంద్రుడి మీద శిఖరం మరీ పడిపోదు, భూమి మీద ఉన్నదానిలో 64 శాతం మిగులుతుంది.

ఇంట్లోనే ఈ శిఖరాన్నీ అగాధాన్నీ చూడవచ్చా?

చూడవచ్చు, దోసె పెనంతోనే. మందపాటి ఇనుప పెనం పొయ్యి మీద పెట్టి, అర నిమిషానికి ఒకసారి ఒకే పరిమాణం ఉన్న నీటిబొట్టు డ్రాపర్‌తో వేయండి, అది మాయమవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకోండి. మొదట ఆ సమయం తగ్గుతూ పోతుంది, సెకను లోపలికి వస్తుంది. ఆ తరువాత హఠాత్తుగా ఇరవై, ముప్పై సెకన్లకు పోవచ్చు. అదే లైడెన్‌ఫ్రాస్ట్ బిందువు. ఇప్పుడు మంట ఆపి, చల్లారుతుండగా కూడా వేస్తూ ఉండండి. దొర్లే బొట్టు ఏదో ఒక క్షణంలో చుయ్‌మని పగిలి ఇంకిపోతుంది. నూనె చుక్క కూడా లేని పెనం వాడండి, ముఖం దూరంగా పెట్టండి. నాన్‌స్టిక్ పెనంతో మాత్రం చేయవద్దు. 260 డిగ్రీలు దాటితే దాని పూత చెడిపోతుంది, ఖాళీ పెనం ఆ వేడికి చేరడానికి ఎక్కువ సేపు పట్టదు.